కెమెరా వెనక అత్తగారు

శ్రీకల ఆవిరి మీద పుట్టు ఉడికించే గొట్టంలో చివరి పిడికెడు బియ్యప్పిండి వేసి, పైన కొబ్బరి కోరు చల్లి మూత పెడుతుండగా వరండాలోంచి కూతురి నవ్వు వినిపించింది. పదో తరగతిలోకి వచ్చాక ఆతిర పొద్దున్నే అలా నవ్వడం అరుదైపోయింది. ఏమిటో తనూ విని నవ్వుదామని శ్రీకల చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. తల్లిని చూడగానే ఆ పిల్ల ఫోను గబుక్కున ఒళ్ళో బోర్లించింది.

"చూపించు," అంది శ్రీకల.

"ఏం లేదమ్మా. క్లాసులో వాళ్ళెవరో పంపారు, అంతే."

"అదే చూపించమంటున్నా."

ఫోనులో ఉన్నది శ్రీకలే. కుర్చీలో బిగుసుకుని కూర్చుని, కెమెరా కింద అంటించుకున్న కాగితం చూసి చదువుతూ కాంతి కిరణాల పాఠం చెబుతోంది. ఆ మాటల వెనక ఎవరో గురక చప్పుడు కలిపారు. కింద 'నిద్రమాత్ర టీచర్' అని పేరు పెట్టారు.

కేరళ తీరాన కరునాగపల్లిలో ఒక ప్రభుత్వ బడిలో శ్రీకల ఫిజిక్స్ టీచరు. ఆ వర్షాకాలంలో సముద్రం ఒడ్డును కోసుకుంటూ లోపలికి వచ్చేసింది. తీరం వెంట ఇళ్ళు పోయిన కుటుంబాలు తలోదిక్కూ చుట్టాల ఊళ్ళకు చేరాయి. ఆ పిల్లల పదో తరగతి మధ్యలో ఆగిపోకూడదని చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసి, పాఠాలు రికార్డు చేసి ఫోన్లకు పంపాలనుకున్నారు. ఫిజిక్స్ శ్రీకలకు అప్పగించింది హెడ్‌మిస్ట్రెస్ మోలీ టీచర్. వెనకబడ్డ పిల్ల పక్కన బెంచీ మీద కూర్చుని శ్రీకల చెప్పినంత చక్కగా ఇంకెవరూ చెప్పలేరని ఆవిడకు తెలుసు. నలుగురి ముందు నిలబడితే ఆ శ్రీకల ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. కెమెరా ముందైతే చెప్పనే అక్కర్లేదు.

వరండాలో పడక్కుర్చీలో ఉన్న అత్తగారు చెయ్యి చాపి ఫోను అడిగింది. మొత్తం చూసింది. తరవాత మనవరాలిని దగ్గరికి రమ్మని సైగ చేసి చెవిలో ఏదో చెప్పింది. ఆ ఇంట్లో అదే పద్ధతి. సరసమ్మ గొంతులోంచి గాలే తప్ప ధ్వని రాదు. ఆవిడ గుసగుసను ఆతిర విని పైకి చెప్పాలి.

ఆతిర తల్లి ముఖం చూసి నసిగింది. సరసమ్మ కుర్చీ చేతి మీద వేలితో తట్టింది.

"గురక కలిపిన వాడి తప్పేం లేదంటోంది అమ్మూమ్మ," అంది ఆతిర, నేల చూస్తూ.

శ్రీకల వంటింట్లోకి వెళ్ళిపోయింది. పుట్టు కింద నీళ్ళు ఇగిరిపోయి గిన్నె మాడింది.

ఓచిర సరసమ్మ అంటే ఒకప్పుడు ఆ జిల్లాలో తెలియని వాళ్ళు లేరు. గుడి ఉత్సవాల్లో, గ్రంథాలయాల వార్షికోత్సవాల్లో హరికథలాంటి ఆవిడ కథాప్రసంగం ఉందంటే జనం సాయంత్రమే చాపలు తెచ్చి పరుచుకునేవారు. చేతిలో చిడతలు, వెనక హార్మోనియం, తబలా, ముందు ఆవిడ ఒక్కతే. రాజూ ఆవిడే, రాణీ ఆవిడే, మధ్యలో గేదెను తోలుకుపోయే ముసలాయనా ఆవిడే. థైరాయిడ్ ఆపరేషన్ తరవాత ఒక స్వరతంత్రి కదలడం మానేసింది. అలా అవ్వచ్చని డాక్టర్లు ముందే చెప్పారు. గడ్డ అలాంటిది, తియ్యక తప్పలేదు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. అప్పటినుంచి సరసమ్మ తక్కువ మాట్లాడేది. ఆ తక్కువ మాటలూ సూటిగా తగిలేవి.

శ్రీకలకు ఆవిడంటే భక్తి లేకపోలేదు, కానీ దానికంటే బెరుకు ఎక్కువ. పెళ్ళయిన కొత్తలో ఒక ఉత్సవంలో నిర్వాహకులు కొత్త కోడల్ని వేదిక మీదికి పిలిచి రెండు మాటలు చెప్పమన్నారు. శ్రీకల మైకు ముందు నిలబడి "అందరికీ..." అని, అక్కడే ఆగిపోయింది. అత్తగారు వచ్చి మైకు అందుకుని, "వీళ్ళ నాన్న పిల్లనిచ్చాడు గానీ మాటలు తన దగ్గరే అట్టేపెట్టుకున్నాడు," అంది. మైదానమంతా విరగబడి నవ్వింది. సరసమ్మ ఆ సంగతి మర్నాటికే మరిచిపోయి ఉంటుంది. శ్రీకల మరవలేదు.

భోజనాల దగ్గర సంగతి విన్న భర్త ప్రసన్నన్ తేలిగ్గా తీసేశాడు. బజారులో ఫ్యాన్లూ మిక్సీలూ అమ్మే దుకాణం అతనిది. ఏ గొడవనైనా స్విచ్చి వేసినట్టు సరిచెయ్యవచ్చని అతని నమ్మకం. ఇంట్లో ఇంత పెద్ద వక్తను పెట్టుకుని బెంగెందుకని, అమ్మ దగ్గర నేర్చుకోమని సలహా ఇచ్చాడు. శ్రీకల కాదనలేకపోయింది. సరసమ్మ కళ్ళల్లో మాత్రం చాలాకాలానికి ఒక వెలుగు కనిపించింది.

మర్నాటి సాయంత్రం నుంచి పెరట్లో శిక్షణ మొదలైంది. సరసమ్మ నూతి గట్టు దగ్గర కుర్చీ వేయించుకుని కోడల్ని అటు చివర కొబ్బరి చెట్టు కింద నిలబెట్టేది. కూర్చుని మాట్లాడితే ఊపిరి సగంలో తెగుతుంది, నిలబడమంది. కాగితం చించేయించింది. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆగమంది. ముఖ్యమైన మాట వచ్చే ముందు కాసేపు ఊరుకుంటే వినేవాడే మెడ సాచి ఆ మాట కోసం చూస్తాడంది. ఇవన్నీ శ్రీకలకు పనికొచ్చాయి. కానీ ఆవిడ అంతటితో ఆగలేదు. గొంతు గేటు దాటాలి. చెయ్యి భుజం దాకా లేవాలి. మైదానంలో చిట్టచివర వేరుశనగలు అమ్ముకునేవాడు కూడా బేరం ఆపి వినాలి. అమ్మూమ్మ మాటలు అమ్మకు చేరవేసీ చేరవేసీ ఆతిరకు రోజూ గొంతు బొంగురుపోయేది.

రెండో పాఠం అలాగే రికార్డు చేశారు. శ్రీకల నిలబడి, చేతులు ఊపుతూ, గేటు దాటే గొంతుతో కాంతి వక్రీభవనం గురించి చెప్పింది. చిన్న గది, బోసి గోడలు. మాటలు గోడలకు తగిలి తిరిగి వచ్చాయి. మైకు అక్కడక్కడా గరగరలాడింది. చూసిన మోలీ టీచర్ ఫోను చేసింది.

"మొదటిదానికి పిల్లలు నిద్రపోయారు శ్రీకలా, దీనికి భయపడ్డారు. మా ఇంట్లో మా ఆయన విని, ఎన్నికలు వచ్చాయా అని అడిగాడు," అని మెల్లగా నవ్వి, మళ్ళీ సర్దుకుంది. కెమెరా అందరికీ పడదని, అందులో చిన్నతనం ఏమీ లేదని ఓదార్చింది. ఇంకొక్కసారి చూద్దామని, కుదరకపోతే పక్క బడిలో ఒక మాస్టారు సిద్ధంగా ఉన్నారని చెప్పింది.

శ్రీకల ఫోను పెట్టేసి వచ్చేసరికి అత్తగారు నూతి దగ్గర కుర్చీలో సిద్ధంగా ఉంది. చెవి దగ్గరికి వంగిన మనవరాలికి ఏదో చెప్పింది.

"చేతులు ఇంకా బిగుసుకుపోయే ఉన్నాయట. మళ్ళీ మొదటి నుంచి చెప్పమంటోంది," అంది ఆతిర.

"చెప్పను," అంది శ్రీకల.

సరసమ్మ తలెత్తి చూసింది.

"చెప్పనమ్మా. మీది మైదానం. నాది పది మంది కూడా పట్టని గది. ఆ పిల్లలకి నేను పాఠం చెప్పాలి, మీ కథ కాదు." అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ ఎప్పటినుంచో కడుపులో ఉన్నది పైకి తన్నుకొచ్చింది. "మీ గొంతు పోయింది. అందుకని ఇప్పుడు నా గొంతుతో మాట్లాడాలని చూస్తున్నారు. నేను మీ గొంతును కాను."

ఆతిర ఇద్దరి మధ్యా నిలబడి అటూ ఇటూ చూసింది. ఆవిడ చెవిలో చెబితే పైకి అనడానికి ఎప్పటిలాగే వంగింది కూడా. సరసమ్మ ఏమీ చెప్పలేదు. కుర్చీ చేతులు పట్టుకుని లేచి, లోపలికి వెళ్ళింది.

ఆ తరవాత ఆవిడ ఆ గుసగుస కూడా మానేసింది. అన్నం కావాలన్నా వద్దన్నా చెయ్యి ఊపడమే. శ్రీకల వడ్డిస్తే తినేది, కంచం తీస్తే లేచేది. కోపం కనిపించి ఉంటే శ్రీకల తట్టుకునేది. ఆవిడ ముఖంలో కోపం లేదు. అదే కోడలికి నిద్ర పట్టనివ్వలేదు.

ఆదివారం ఉదయం ప్రసన్నన్ స్కూటరు కడుగుతుంటే శ్రీకల బకెట్టుతో నీళ్ళు తెచ్చిచ్చింది. "తప్పు మాట అన్నాను ప్రసన్నేట్టా. కానీ ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియడం లేదు," అంది.

ప్రసన్నన్ తడిగుడ్డ పిండి స్కూటరు మీద ఆరేశాడు. తరవాత, ఆమెకు ఇన్నాళ్ళూ తెలియని సంగతి ఒకటి చెప్పాడు. ఆపరేషన్ అయ్యాక అమ్మ ఒకసారి వేదిక ఎక్కింది. అప్పుడు శ్రీకల కాన్పుకు పుట్టింట్లో ఉంది. పాత అభిమానులు పట్టుబట్టి పిలిచారు. మైకు శబ్దం పెంచితే సరిపోతుందన్నారు. సరసమ్మ కథ ఎత్తుకుంది. స్పీకరు పెట్టెల్లోంచి గాలి చప్పుడు తప్ప మాట రాలేదు. జనం గోల చెయ్యలేదు, ఈలలు వెయ్యలేదు. ఆవిడ మీద గౌరవం కొద్దీ, చప్పుడు కాకుండా ఒక్కొక్కరే చాపలు చుట్టుకుని లేచి వెళ్ళిపోయారు. ఆవిడ చూస్తూనే కథ చివరిదాకా చెప్పింది. ఆ తరవాత చిడతలు ముట్టుకోలేదు.

"ఆ రోజు వేదిక కింద నేనున్నాను," అన్నాడు ప్రసన్నన్. "ఆఖరికి నేను, తబలా ఆయన, అంతే. నీకు నేర్పడం మొదలుపెట్టాక అమ్మ పొద్దున్నే లేచి తల దువ్వుకోవడం చూశావా?"

శ్రీకల చూసింది. దేనికో ఆలోచించలేదు.

ఆమె సరాసరి వరండాలోకి వెళ్ళి అత్తగారి కుర్చీ పక్కన మెట్టు మీద కూర్చుంది. "ఆ మాట అనకుండా ఉండాల్సింది. నన్ను క్షమించండి," అంది.

ఆతిర దగ్గర లేదు. సరసమ్మ తనే కోడలి వైపు వంగింది. ఇన్నేళ్ళలో ఆ ఇద్దరూ అంత దగ్గరగా కూర్చుని మాట్లాడుకున్నది లేదు.

"నిజమే కదా అన్నావు," అంది సరసమ్మ గుసగుసగా. "నీ గొంతుతో మాట్లాడాలనే అనుకున్నాను. ఒకళ్ళకి గొంతుంటే దాంట్లో రెండోవాళ్ళు దూరకూడదు." కాసేపు ఊపిరి తీసుకుంది. "అది సరే. అసలు ఆ పాఠంలో ఏముంది? ఇన్నాళ్ళూ నీ చేతులు చూశాను గానీ పాఠం వినలేదు. నాకు చెప్పు. నేను ఏడో తరగతితో బడి మానేశాను."

శ్రీకలకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. లోపలికి వెళ్ళి ఒక లోతైన స్టీలు గిన్నె, చెంబుతో నీళ్ళు, ఒక రూపాయి బిళ్ళ తెచ్చింది. గిన్నె అడుగున బిళ్ళ వేసింది. అత్తగారిని ముందుకు వంగమని, తరవాత బిళ్ళ గిన్నె అంచు చాటుకు పోయేదాకా మెల్లగా వెనక్కి వాలమంది.

"ఇప్పుడు కనిపిస్తోందా?"

సరసమ్మ తల అడ్డంగా ఊపింది.

"కదలకండి." శ్రీకల గిన్నెలోకి సన్నగా నీళ్ళు పోసింది. నీళ్ళు నిండేకొద్దీ, అంచు చాటున మాయమైన బిళ్ళ అడుగుతో సహా పైకి తేలినట్టు కనిపించింది. సరసమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది.

"బిళ్ళ కదల్లేదమ్మా, అక్కడే ఉంది. దాన్నుంచి బయల్దేరిన వెలుగు నీళ్ళలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు పక్కకి వంగుతుంది. ఇందాక మీ కంటిదాకా రాలేనిది ఇప్పుడు వంగి వచ్చింది. కంటికి ఆ వంపు సంగతి తెలియదు. అది తిన్నగానే వచ్చిందనుకుని, బిళ్ళ పైనెక్కడో ఉందని చెబుతుంది. కాయల్ సరస్సులో పడవలోంచి చూస్తే అడుగు దగ్గరగా కనిపిస్తుంది కదా, దిగితే మెడ దాకా మునుగుతాం. ఇదే కారణం."

సరసమ్మ అడిగింది, శ్రీకల చెప్పింది. మళ్ళీ అడిగింది, ఇంకోలా చెప్పింది. అత్తగారి కనుబొమలు ముడిపడితే ఆగింది, విప్పుకుంటే ముందుకు వెళ్ళింది. ఆమె చేతులు ఎవరూ చెప్పకుండానే కదిలాయి. ఎంతసేపయిందో ఇద్దరికీ తెలియదు.

చివరికి సరసమ్మ, "కలా, మరి అక్కడ ఇలా ఎందుకు చెప్పవు?" అంది.

"అక్కడ ఎవరూ ఉండరు కదమ్మా. గాజు కన్నొకటి ఉంటుంది."

సరసమ్మ ఆలోచించింది. తనకు ఎప్పుడూ వేలమంది ఉండేవారని, అందుకే వేలమందికి చెప్పడమే తెలుసని చెప్పింది. ఈ ఫోను సంగతి వేరేలా ఉందంది. ఎంతమంది చూసినా ఒక్కో ఫోను ముందు ఒక్క పిల్లే కూర్చుంటుంది. ఆ పిల్లకి గేటు దాటే గొంతు ఎందుకు? "నీకు తెలిసింది అదే. పక్కన కూర్చుని చెప్పడం. నేనే దాన్ని చెడగొట్టాను," అంది.

ఆ మధ్యాహ్నం ఇల్లంతా ఒక్కటై పనిలోకి దిగింది. వెనక గదిలో గోడలకు పరుపులు నిలబెట్టారు. తలుపుకు దుప్పట్లు వేలాడదీశారు. మాట తిరిగి రావడం తగ్గింది. ప్రసన్నన్ దుకాణం నుంచి ఒక మంచి దీపం తెచ్చి, కళ్ళలో పడకుండా పక్కనుంచి వచ్చేలా బిగించాడు. చిన్న మైకు ఒకటి శ్రీకల ముందు, కెమెరాకు కనపడనంత కిందుగా పెట్టారు. పాఠాన్ని ఒక్క బిగిన కాకుండా చిన్న చిన్న ముక్కలుగా తియ్యాలని, తప్పు దొర్లితే ఆ ముక్కే మళ్ళీ చెప్పాలని ఆతిర తేల్చింది. ఫ్యాను ఆపేశారు. సరసమ్మ కెమెరాకు ఆనుకుని, కోడలి చూపు గాజు మీద నుంచి జారితే తన ముఖం మీద పడేంత దగ్గరగా కుర్చీ వేయించుకుంది.

శ్రీకల గిన్నెలో బిళ్ళ వేసి మొదలుపెట్టింది. మొదటి ముక్క చేపలవాడి హారనుకు పోయింది. రెండోది కాకులకు పోయింది. మూడోసారి వాన వచ్చి పెంకుల మీద దబదబలాడింది. అందరూ చెమటలు కక్కుకుంటూ అది వెలిసేదాకా కూర్చున్నారు. శ్రీకలకు విసుగు రాలేదు. భయం కూడా లేదని ఆమెకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

నాలుగోసారి మాట సాఫీగా సాగింది. మధ్యలో ఒకచోట శ్రీకల పాత అలవాటు కొద్దీ పుస్తకం భాషలోకి జారిపోయింది. సరసమ్మ ముందుకు వంగి, మైకు పక్కనే, "ఇది నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు," అంది.

చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చప్పుడు చూసుకుంటున్న ఆతిర ఉలిక్కిపడి చెయ్యెత్తింది. "ఆగండి," అంది. ఇప్పుడే తీసిన ముక్కను వెనక్కి తిప్పి విన్నది. మళ్ళీ విన్నది. లేచి వెళ్ళి ఇయర్‌ఫోన్లు అమ్మూమ్మ చెవులకు పెట్టింది.

సరసమ్మ విన్నది. ముఖం చిట్లించి, ఎవరిదని చేత్తో అడిగింది.

"నీదే అమ్మూమ్మా."

నమ్మలేదు. మళ్ళీ పెట్టమంది. కాస్త బొంగురుగా, ఊపిరి కలిసి, కానీ ప్రతి అక్షరం విడివిడిగా వినిపించే ఒక గొంతు 'ఇది నాకు అర్థం కాలేదు' అంటోంది. మైదానానికి చాలని గొంతు అది. ఒక్క చెవికి మాత్రం నిండుగా సరిపోయింది. సరసమ్మ ఇయర్‌ఫోన్లను రెండు చేతులతో అదిమి పట్టుకుని కళ్ళు మూసుకుంది. కన్నీళ్ళు చెంపల మీదుగా దిగి మెడ దగ్గర ఆపరేషన్ మచ్చ దాకా వచ్చాయి. ఎవరూ తుడవడానికి వెళ్ళలేదు. అది తుడవాల్సిన ఏడుపు కాదని అందరికీ తెలిసింది.

ఆ పాఠం పిల్లలకు చేరింది. మోలీ టీచర్ ఫోను చేసి పక్క బడి మాస్టారికి కబురు పెట్టనక్కర్లేదంది. ఆలప్పుళలో మేనత్త ఇంట్లో ఉంటున్న ఒక పిల్ల, ఇంట్లో గిన్నె తీసుకుని తనూ చేశానని, టీచర్ పక్కన కూర్చుని చెప్పినట్టుందని గొంతు రికార్డు చేసి పంపింది. శ్రీకల ఆ మాటలను అత్తగారికి వినిపించి, వంగి ఆవిడ పాదాలు తాకింది. సరసమ్మ ఆమె తల మీద చెయ్యి ఉంచి, పెళ్ళయిన కొత్తలో వేదిక మీద తను వేసిన హాస్యం సంగతి తనే ఎత్తింది. ఆవిడ కూడా మరవలేదు. ఆ రోజు నవ్వు నాకొచ్చింది, నొప్పి నీకొచ్చింది మోళే, అంది. అత్తగారి నోట కూతురా అన్న ఆ పిలుపు శ్రీకల వినడం అదే మొదలు.

ఓనం సెలవుల్లో పాఠాలకు విరామం వచ్చింది. గోడలకు నిలబెట్టిన పరుపులు తీసెయ్యబోతున్న భర్తను శ్రీకల వద్దంది. సరసమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఇన్నాళ్ళూ తను నిలబడిన చోట కుర్చీ వేసి కూర్చోబెట్టింది. మైకు ఆవిడ పెదాలకు బాగా దగ్గరగా జరిపింది. ఆతిర ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. ప్రసన్నన్ ఫ్యాను ఆపి, గది బయటే నిలబడిపోయాడు.

సరసమ్మ ఎదురుగా ఉన్న గాజు కన్నును చూసి బెదిరింది. అంత పెద్ద వక్త, పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ, "ఎవరికి చెప్పను?" అని అడిగింది.

శ్రీకల కెమెరా పక్కన నేల మీద, ఆవిడ చూపుకు అందేలా చతికిలబడి కూర్చుంది.

"నాకు చెప్పండమ్మా. నేను మీ కథ ఒక్కటి కూడా పూర్తిగా వినలేదు."

సరసమ్మ ఊపిరి తీసుకుంది, కథ ఎత్తుకుంది. గదిలో ఎవరూ ఆవిడ మాటను పైకి చెప్పలేదు.